వంకర సాళ్ల చేను

గట్టు మండలంలో ఒక ఎర్రచెలక మీద మేం జరిపిన శిక్షణ గురించి మా కార్యాలయం ఫైల్లో ఉన్నది ఒక్క వాక్యం. "రైతులకు నేల, నీటి సంరక్షణపై క్షేత్రస్థాయి శిక్షణ ఇవ్వడమైనది." ఆ వాక్యం రాసింది నేనే. అందులో అబద్ధమేమీ లేదు. అసలు జరిగిన సంగతి కూడా ఏమీ లేదు.

ఈమధ్య అదే పనిలో కొత్తగా చేరినవాళ్లు కొందరు వనపర్తిలో మా ఇంటికి వచ్చారు. వాళ్ల ఫోన్లలో చేను వాలంతా రంగుల్లో కనిపిస్తోంది. మేం రోజంతా కష్టపడి కట్టిన లెక్క వాళ్లకు టీ తాగేలోపు తయారవుతోంది. నాకు ముచ్చటేసింది. అయితే వాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం నా కాలంలోదే. "మేం గీసిన గీత మీద రైతులు ఎందుకు దున్నరు సార్?" ఆ ప్రశ్నకు ఫైల్లో జవాబు లేదు. నా తర్వాత అడిగినా చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు. అందుకే రాస్తున్నాను.

ముందు నా గురించి నాలుగు మాటలు. నేను ఇంజనీరును కాను. చదువు ఇంటర్‌తో ఆగింది. వాటర్‌షెడ్ పథకంలో ఫీల్డు సహాయకుడిగా చేరి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో తిరిగి, అక్కడే పదవీ విరమణ చేశాను. నేల గురించి నాకు తెలిసిందంతా గ్రంథాలయంలో తెలిసిందే. మా గ్రంథాలయంలో వ్యవసాయం బీరువా తలుపు ఊరికే తెరుచుకోదు. కొంచెం పైకెత్తి లాగాలి. ఆ కిటుకు గ్రంథపాలకుడికి, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ పడలేదు. వాన చినుకు మట్టిని ఎలా పగలగొడుతుందో, వాలు పెరిగేకొద్దీ నీళ్ల పరుగు ఎలా పెరుగుతుందో, ఎర్రనేలకు పనికొచ్చే కట్ట నల్లరేగడిలో ఎందుకు తెగుతుందో ఆ బీరువా ముందు నిలబడి చదువుకున్నాను. ఇంగ్లిషు పుస్తకాలను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఆ చదువు మీద నాకు గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది.

కోడేరు నుంచి వచ్చి నాతోపాటు పనిచేసే సహోద్యోగి నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "లైబ్రరీ, ఇయ్యాల ఏ పేజీ?" అనేవాడు. జీపులో ఆ మాటతోనే మా రోజు మొదలయ్యేది.

అసలు పని ఏమిటో కొంచెం చెప్పాలి. అక్కడి చెలకలు, అంటే వాన మీద ఆధారపడే మెట్టచేలు, చాలావరకు వాలుగా, పొడుగ్గా ఉంటాయి. పొడుగు వైపు దున్నితే ఎద్దుల్ని తిప్పే బాధ తక్కువ. కాబట్టి అందరూ పై నుంచి కిందికి దున్నుతారు, పై నుంచి కిందికే విత్తుతారు. వాన పడితే నాగలి గీసిన ప్రతి సాలూ ఒక చిన్న కాలువ అవుతుంది. మెత్తటి మట్టి, ఎరువు, ఒక్కోసారి గింజలు కూడా కిందివాడి చేనుకు పోతాయి. దీనికి మందు వాలుకు అడ్డంగా విత్తడం. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ ఒక గీత గీసి, ఆ గీత వెంట సాలు తోలాలి. పుస్తకాల్లో దానికి పెద్ద పేరు ఉంది. మేం మట్టం గీత అనేవాళ్లం. నేల ఎక్కడా బల్లపరుపుగా ఉండదు కాబట్టి ఆ గీత సీదాగా పోదు. వంపులు తిరుగుతుంది. సాలు కూడా దాంతోపాటు వంపు తిరగాలి. అప్పుడు ప్రతి సాలూ ఒక చిన్న కట్టలా నీళ్లను నిలబెడుతుంది.

మాకు శిక్షణ కోసం ఒక చేను కావాల్సి వచ్చింది. గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించడం కాకుండా నిజం చేలోనే నేర్పాలని నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే మా మేడమ్ పట్టుదల. చదువుకున్న మనిషి, వయసులో నా కూతురంత. ఊళ్లో ఎవరూ చేను ఇవ్వలేదు. "వంకర సాళ్లు నా చేన్ల వద్దు" అన్నవాళ్లే అందరూ.

ఇస్తానని ముందుకొచ్చింది ఒక కౌలు రైతు. పెళ్లయిన కొత్తలో భర్తతోపాటు హైదరాబాదులో కట్టడం పనులకు పోయి ఇటుకలు మోసిన మనిషి. కూతుర్ని బడిలో వేయాల్సిన వయసు వచ్చాక అత్తగారి ఊరికి తిరిగొచ్చి, ఒక ఆసామి దగ్గర ఈ చెలక నోటిమాట మీద కౌలుకు పట్టింది. భర్త ఇంకా అక్కడే పనిలో ఉన్నాడు. ఈ చేను ఉన్నంతకాలమే ఆమె ఊళ్లో ఉండగలదు, పిల్ల ఆ బడికి పోగలదు. చేను పోతే మళ్లీ ఇద్దరూ బస్సెక్కాల్సిందే. మరి ఎందుకు ఇస్తున్నావమ్మా అని మేడమ్ అడిగితే, ఏటా మొదటి వానకు తను వేసిన గింజలు కిందిచేను గట్టు దగ్గర మొలుస్తున్నాయని చెప్పింది. కిందివాళ్లు నవ్వుతూ కోసుకుంటున్నారట.

ఆసామి ఊళ్లోనే ఉంటాడు. చెడ్డవాడని నేను అనను. తన నేల గురించి భయం ఉన్న మనిషి. మా అందరి ముందే ఆమెతో తేల్చి చెప్పాడు.

"చెయ్యిండ్రి, నేనొద్దంటలేను. గని నా చెలక వానకు కొట్కపోయిందంటె ఉగాదికి నువ్వు ఇడ్సిపెట్టాలె. అప్పుడు ఈ సార్లను అడగ. నిన్నే అడుగుత."

ఆమె తలూపింది. అక్కడ కౌలు మాటలన్నీ ఉగాదికే తేలతాయి.

శిక్షణ రోజు చాలామందే వచ్చారు. కోడేరు వైపు రైతులు ఉన్నారు. మన్ననూర్ నుంచి ఒక జంట వచ్చింది. చేనున్న ఊరి మహిళా సంఘం ఆడవాళ్లు కూడా వచ్చారు. నేనూ నా సహోద్యోగీ లెవల్ పైపుతో మట్టం చూపించాం. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన పైపే, నీళ్లు నింపి రెండు చివర్లా రెండు కర్రలకు కట్టి ఉంటుంది. రెండు కర్రల దగ్గరా నీళ్లు ఒకే గుర్తు మీద నిలిస్తే ఆ రెండు చోట్లూ ఒకే ఎత్తు. అక్కడ గుర్తుగా గూటం, అంటే కర్రమేకు, కొట్టాలి. మన్ననూర్ ఆమె ఒకసారి చూసి పట్టేసింది. మా ఇద్దరికంటే చురుగ్గా కర్ర జరుపుతూ పోయింది. గూటాల వెంట ముగ్గు పోశాం. చెలక మీద తెల్లటి గీత మెలికలు తిరుగుతూ పోతుంటే నాకు పుస్తకంలోని బొమ్మ లేచి వచ్చినట్టు అనిపించింది.

సాళ్లు తోలడానికి ఆ ఊరి చాచాను పిలిచాం. తెల్లగడ్డం, తలమీద టోపీ, సన్నటి మనిషి. ఆయన ఎద్దులు రాయచూరు సంతలో కొన్నవి, కన్నడంలో అదిలిస్తే తప్ప కదలవని ఊళ్లో పరాచికం. విత్తనం గొర్రు కట్టి చాచా తోలిన సాలు దారం పట్టినట్టు ఉంటుందని చుట్టుపక్కల అందరూ ఒప్పుకుంటారు. ఇది చిన్న సంగతి అనుకోకండి. అక్కడ విత్తనం మొలిచాక జనం చేలు చూస్తూ తిరుగుతారు. సంబంధం మాట్లాడటానికి పొరుగూరు నుంచి వచ్చినవాళ్లు కూడా దారిలో ఆగి "ఈ సాళ్లు తోలింది ఎవరు" అని అడగడం నేను విన్నాను. సాలు వంకరపోతే అది తోలినవాడి మీద మచ్చ.

చాచా ముగ్గు గీతను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత బిస్మిల్లా అని ఎద్దుల్ని అదిలించాడు. కౌలు రైతు గొర్రు వెనకే నడుస్తూ జొన్నలు వదిలింది. దారిన పోయేవాళ్లు గట్టు మీద నిలబడి చూస్తూ, ఎద్దులకు కల్లు పోశావా చాచా అని అడిగారు. ఆయన తల తిప్పలేదు. సాయంత్రానికి చేనంతా విత్తడం అయింది. నిలబడి చూస్తే సాళ్లు చక్కగా కనిపించాయి. శిక్షణ బాగా జరిగిందని మేడమ్ అంది. నేనూ ఆ సంగతే రాసుకున్నాను. ఫైల్లో ఉన్న వాక్యం అప్పటిదే.

తర్వాత ఒక మధ్యాహ్నం చిన్న వాన పడింది. పెద్దదేమీ కాదు. మేం వెళ్లేసరికి చేను మధ్యలో, సరిగ్గా గీత వంపు తిరిగే చోట, సాళ్లు వరసగా తెగి ఉన్నాయి. పై సాలు తెగి కిందిదాని మీద పడింది, అది తెగి దాని కిందిదాని మీద పడింది. అలా చివరిదాకా. మూరెడు లోతు గాడి పడింది. జొన్నలు మళ్లీ కిందిచేను గట్టు దగ్గరికే చేరాయి.

లెవల్ పైపు తీసి మళ్లీ కొలిచాం. వంపు దగ్గర సాలు మా గీత మీద లేదు. వంపు చుట్టూ తిరిగి రావాల్సింది అడ్డంగా కోసుకుపోయింది. చాచా దాన్ని సీదా చేశాడు. చూడటానికి తేడా ఏమీ తెలియదు. కంటికి అందమైన సాలు. కానీ ఆ చోట సాలు పల్లంలోకి దిగింది. రెండు వైపుల నుంచీ నీళ్లు అక్కడికే పరుగెత్తి ఒక్కసారిగా తెంచాయి. పై నుంచి కిందికి విత్తి ఉంటే నీళ్లు అన్ని సాళ్లలోకీ విడిపోయి పారేవి. మేం వాటన్నిటినీ తెచ్చి ఒకచోట పోసినట్టయింది.

ఆసామి వచ్చాడు. గాడిలోకి దిగి, ఎక్కి, ఆమె వైపు తిరిగాడు. ఎట్లాగూ మళ్లీ విత్తాలి కాబట్టి ఇంకొక్కసారి చూస్తాననీ, ఉగాది మాట మాత్రం మారదనీ అన్నాడు. ఆయన వెళ్లాక మేడమ్ నెమ్మదిగా, కావాలంటే శిక్షణ చేను ఇంకో ఊరికి మార్చుకుంటామనీ, ఇక్కడ మామూలుగా విత్తించుకోవడానికి మళ్లీ విత్తనాలు ఇప్పిస్తాననీ చెప్పింది. అది ఆమె మేలు కోరి అన్న మాటే. ఆ కౌలు రైతు తడిమట్టి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ జవాబు చెప్పింది.

"మీరు యాడికన్న పోతరు మేడం. నేను ఈడనే ఉంట. మల్ల మీదికెళ్లి కిందికి ఏస్తె మల్ల గింజలు కిందోల్లకే. సీదకు తెచ్చి పోండ్రి, గంతే."

సీదకు తేవాల్సింది వంకర అని నా సహోద్యోగి గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

చాచా మాత్రం ఇక రానన్నాడు. ఆయన తప్పేమీ లేదని మేం చెప్పినకొద్దీ ఆయనకు మరింత కష్టమనిపించింది. మేం గీత గీశాం, ఆయన గీత మీద తోలాననే అనుకున్నాడు. కావాలని చేసింది కాదు.

ఆ ఆదివారం నేను బీరువా తలుపు పైకెత్తి లాగాను. సాయంత్రం దాకా వెతికాను. వాలుకు అడ్డంగా విత్తడం గురించి ప్రతి పుస్తకంలోనూ ఉంది. బొమ్మలున్నాయి, బాణం గుర్తులున్నాయి. "గీత వెంట సాలు తోలవలెను" అని అన్నీ చెబుతున్నాయి. ఎలా తోలాలో ఒక్కదానిలోనూ లేదు. వాటిని రాసినవాళ్లకు అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదేమో. గ్రంథపాలకుడు దీపాలు ఆర్పుతూ ఏం వెతుకుతున్నావని అడిగాడు. సాలు ఎందుకు సీదాగా పోతుందో వెతుకుతున్నానని చెప్పాను. "పోయేవాడిని అడగరాదూ" అన్నాడు. పుస్తకాల మధ్య బతికే మనిషి ఇచ్చిన సలహా అది.

మరుసటి రోజు చాచా ఇంటికి వెళ్లాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకునే టీ పెట్టించాడు. తర్వాత తన సొంత చేలోకి గొర్రు తీసుకుపోతుంటే వెనకే నడిచాను. ఆయన పొమ్మనలేదు. ఒక సాలు అయ్యేదాకా ఊరికే చూశాను. ఆయన కళ్లు నేల మీద లేవు. ఎద్దుల మీద కూడా లేవు. రెండు ఎద్దుల మూపురాల మధ్య నుంచి ఎక్కడో దూరంగా ఉన్నాయి. చేను చివర గొర్రు తిప్పుతుంటే అడిగాను.

"ఎటు చూస్తవు చాచా, తోలేటప్పుడు?"

"అగో, గా తుమ్మ." గట్టు అవతల ఉన్న చెట్టు చూపించాడు. "దాన్ని పట్టుకొని పోత. ఇంకేం చూడ. కింద చూస్తె సాలు తాగినోని నడకైతది సార్."

నాకు అప్పుడు అర్థమైంది. మేం గీత నేల మీద గీశాం. ఆయన నేల వైపు చూడడు. చిన్నప్పటి నుంచి చూడకుండా ఉండటమే నేర్చుకున్నాడు, అందుకే ఆయన సాలు దారంలా ఉంటుంది. మా ముగ్గు ఆయనకు మొదటి పది అడుగులే కనిపించింది. తర్వాత కళ్లు అలవాటు చొప్పున చివరి గట్టు మీద ఏదో చెట్టును పట్టుకున్నాయి, చేతులు కళ్ల వెంట పోయాయి. ఆయన్ని నేల చూడమంటే ఉన్న విద్య పోతుంది. చూడకపోతే గీత తప్పుతుంది.

ఈ సంగతి నేను వచ్చి కౌలు రైతుకు, సంఘం ఆడవాళ్లకు చెప్పాను. ఏం చేయాలో నాకు తోచలేదు. దారి చెప్పింది ఆ కౌలు రైతే.

"తుమ్మను తెచ్చి దగ్గర పెట్టలేం గద. మేం నిలబడ్తం. గూటంకాడికొకలం. చాచా మమ్మల్ని చూసుకుంట రావాలె."

ఎంత తేలికగా అన్నదో అంత తేలికగానే ఒప్పుకున్నారు వాళ్లు. చాచాను ఒప్పించడం కూడా అనుకున్నంత కష్టం కాలేదు. ఎందుకంటే ఈసారి మేం ఆయన్ని వంకర తోలమని అడగలేదు. ఈ గూటం నుంచి ఆ గూటం దాకా సీదాగా తోలమని అడిగాం. అది ఆయనకు వచ్చిన పనే.

రెండోసారి విత్తిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. వంపు ఎక్కువ ఉన్నచోట గూటాలు దగ్గర దగ్గరగా కొట్టాం. ఒక్కో గూటం దగ్గర ఒక్కో మనిషి, తలమీద కొంగు, చేతిలో ఏదో ఒక రంగు గుడ్డ. చాచా మొదటి మనిషిని కళ్లతో పట్టుకుని ఎద్దుల్ని వదిలాడు. దగ్గరికి రాగానే ఆమె పక్కకు తప్పుకుంది, ఆయన కళ్లు రెండో మనిషి మీదికి వెళ్లాయి. వంపు దగ్గర నిలబడింది సంఘంలో అందరికంటే పెద్దావిడ. భారీ మనిషి. తనను తుమ్మ అనుకుని గుద్దవద్దని ముందే హెచ్చరించింది. అందరూ నవ్వారు, చాచా కూడా. ఆయన నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మొదటి సాలు గీతను అంటిపెట్టుకుని చివరిదాకా పోయింది. ఆ సాలు కుదిరితే మిగతావి దాని పక్కనే నడుస్తాయి. చేను కింది భాగంలో ఇంకో రెండు గీతల మీద మళ్లీ ఇలాగే నిలబడ్డారు. చివర్లో నీళ్లు ఎక్కువైతే పోవడానికి ఒక పక్క రాళ్లు పరిచి దారి కూడా వదిలాం. మొదటిసారి కూడా ఆ దారి ఉంది కానీ నీళ్లకు అక్కడిదాకా రావాల్సిన అవసరం పడలేదు.

గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఒకడు మళ్లీ సాళ్లు వంకర అన్నాడు. ఈసారి చాచా ఎద్దుల్ని ఆపి మరీ జవాబిచ్చాడు.

"వంకర ఏడుందిరా? అన్ని సీదనే. పొట్టి సీద."

తర్వాత చాలా రోజులు వాన లేదు. మొలక వచ్చింది. పచ్చటి వంపులు కనిపిస్తుంటే చూడటానికి వచ్చినవాళ్లు గట్టు మీద ఆగి చూసి పోయారు. నేను వనపర్తిలో ఆకాశం వైపు చూస్తూ తిరిగాను. వాన కావాలని అనిపించేది. వెంటనే వద్దు అనిపించేది.

ఒక సాయంత్రం పట్టుకుంది. వనపర్తిలో మా వీధి నిండింది. గట్టు మండలం వైపు ఇంకా పెద్ద వాన అని బస్టాండులో చెప్పుకున్నారు. ఫోన్లు కలవలేదు. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. పెబ్బేరు దాటి కృష్ణ బ్రిడ్జి మీదికి వచ్చేసరికి నది ఎర్రగా ఉంది. ఎవరి చేలు అలా పోతున్నాయో అనుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తాలో నా సహోద్యోగి ఎక్కాడు. నా పక్కన కూర్చున్నాడు. ఏ పేజీ అని అడగలేదు.

గద్వాలలో బస్సు మారి, దిగి నడుస్తుంటే దారి పొడవునా చేల నుంచి ఎర్రనీళ్లు రోడ్డు మీదికి దూకుతున్నాయి. కొన్నిచోట్ల మొలకలు రోడ్డు మీద పడి ఉన్నాయి. నా సహోద్యోగి నాకంటే ముందు పరుగులాంటి నడక నడిచాడు. చేను దగ్గర అప్పటికే జనం ఉన్నారు. వాళ్ల వీపులే మాకు కనబడ్డాయి. వాటిని చూసి ఏమీ చెప్పలేం కదా. పక్కకు తప్పించుకుని ముందుకు వెళ్లాను.

నీళ్లు చేలోనే ఉన్నాయి. ప్రతి సాలు వెనకా పళ్లెంలో పోసినట్టు నిలిచి, మెల్లగా ఇంకుతున్నాయి. వంపు దగ్గర, అప్పుడు గాడి పడిన చోట కూడా, సాళ్లు ఒక్కటీ తెగలేదు. జొన్న మొలకలు మోకాలు లోతు నీళ్లలో పిల్లల్లా తలలు పైకెత్తి ఉన్నాయి. కింద రాళ్లు పరిచిన దారిలోంచి పలచటి ధార ఒకటి పోతోంది, దాదాపు తేటగా. నేను గట్టు మీద కూర్చున్నాను. నా సహోద్యోగి నా భుజం మీద చెయ్యి వేశాడు. మేడమ్‌కు ఫోన్ కలిసేదాకా కొడుతూనే ఉన్నాడు. కలిశాక ఏం చెప్పాలో తెలియక, "ఉంది మేడం, ఉంది" అన్నాడు. ఆమెకు అర్థమైంది.

కౌలు రైతు చేను మధ్యలో నిలబడి ఉంది. నవ్వలేదు. ఆమె చూపు ఆసామి మీద ఉంది.

ఆసామి చెప్పులు చేత్తో పట్టుకుని సాళ్ల మధ్యన నడుస్తున్నాడు. చేతికర్ర మట్టిలో గుచ్చి చూశాడు. కర్ర లోపలికి దిగింది. ఇంకోచోట గుచ్చాడు. అక్కడా దిగింది. పైకి వచ్చి, తన చెలకలో ఇంత తడి ఎన్నడూ చూడలేదన్నాడు. కానీ ఆయన మాట పూర్తి కాలేదు.

"గిట్ల మంచిగైతె కౌలుకెందుకియ్యాలె? వచ్చే ఏడు నేనే చేస్కుంట."

ఈ మాట వస్తుందని నేను ఊహించలేదు. చేను చెడితే ఆమెకు పోతుందని భయపడ్డాం. బాగుపడినా పోవచ్చని ఎవరం అనుకోలేదు. నేల బాగు చేయడం గురించి నేను చదివిన వాటిలో, బాగైన నేల ఎవరి దగ్గర ఉంటుందన్న అధ్యాయం లేదు. అక్కడ మా ఉద్యోగానికి చెప్పే అధికారమూ లేదు. మాట్లాడింది వంపు దగ్గర నిలబడిన పెద్దావిడ. కోపంగా కాదు, కూరగాయలు బేరం చేసినట్టు మాట్లాడింది.

"చేస్కో పటేలా, నీ చెలక నీదే. మేమేమన్న అడ్డమొస్తమా? గని వచ్చే ఏడు గూటాలకాడ ఎవరు నిలబడ్తరు?"

"కూలిచ్చి నిలబెడ్త."

"ఇయ్యి. మేం రాం."

ఆసామి చాచా వైపు చూశాడు. చాచా తల గోక్కున్నాడు.

"నాకు మనిషి కనబడాలె పటేలా. లేకుంటె నా కండ్లు తుమ్మ దిక్కే పోతయి. మల్ల గాడి పడితె నన్ననొద్దు."

ఎవరూ గొంతు పెంచలేదు. ఆసామి అందరినీ ఒకసారి చూసి, మీరంతా ఒక్కటయ్యారని అని, చెప్పులు తొడుక్కుని ఊళ్లోకి వెళ్లిపోయాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ రోజు నేను తిరుగు బస్సులో సగం ఊరటతోనే కూర్చున్నాను. ఆ ఏడు జొన్న బాగా పండింది. మన్ననూర్ జంట వాళ్ల చేలో మనుషుల్ని నిలబెట్టి విత్తినట్టు కబురు పంపింది. కోడేరు వైపు రెండు ఊళ్లకు సంఘం ఆడవాళ్లే వెళ్లి నేర్పి వచ్చారు. నేను ఆ మధ్యలోనే పదవీ విరమణ చేశాను. సన్మాన సభలో శాలువా కప్పుతున్నప్పుడు కూడా నా మనసు ఉగాది మీదే ఉంది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఫోనులో గీత నా గీతకంటే కచ్చితంగా ఉంటుంది. సందేహం లేదు. గీశాక ఒక పూట ఆగి, తోలే మనిషి వెనక నడవండి. ఆయన కళ్లు ఎక్కడున్నాయో చూడండి. పుస్తకాలు మానమని మాత్రం అనను. ఆ బీరువా తలుపు ఎలా తీయాలో అడిగితే చెబుతాను.

ఇక కృతజ్ఞతలు. అందరి పేర్లూ రాయాలని కూర్చుని కౌలు రైతుకు ఫోన్ చేశాను. పేర్లు పెట్టవద్దంది, ఒక్క పేరు మరిచినా ఊళ్లో పంచాయితీ అవుతుందట. కాబట్టి వాళ్లు చేసిన పనినే పేరుగా రాస్తున్నాను. మొదటి గూటం దగ్గర పచ్చగుడ్డ పట్టుకుని నిలబడిన ఆమెకు, వంపు దగ్గర కదలకుండా నిలబడిన పెద్దావిడకు, ఎండకు తల తిరిగినా చోటు వదలని చివరి గూటం ఆమెకు, మధ్యలో నిలబడిన అందరికీ. లెవల్ పైపు నాకంటే బాగా పట్టిన మన్ననూర్ ఆమెకు. పొట్టి సీద తోలిన చాచాకు, కన్నడం వచ్చిన ఆయన ఎద్దులకు. గాడి పడిన చేను దగ్గర మా మీద కోప్పడకుండా మళ్లీ విత్తనాలు తెచ్చిపెట్టిన మేడమ్‌కు. పోయేవాడిని అడగమన్న గ్రంథపాలకుడికి. నన్ను లైబ్రరీ అని పిలిచిన కోడేరు మిత్రుడికి.

చివరగా ఆ ఆసామికి. ఉగాది నాడు ఆయన ఆమె ఇంటి ముందుకు వచ్చాడట. ఆమె చేతిలో పని వదిలేసి లేచి నిలబడిందట. ఆయన కౌలు మాట ఎత్తలేదు. పైవైపు తనకు ఇంకో చెలక ఉందని, దాంట్లో కూడా ఆడవాళ్లు నిలబడతారా అని అడిగాడట.

"దాన్ని ఎవరు చేస్తరు పటేలా?" అని ఈమె అడిగిందట.

"ఎవరు చేస్తరు, రెండూ నువ్వే."